డెల్బర్ట్ ఓక్స్ మీద రిపోర్టు

ఫోర్ట్ స్మిత్, ఆర్కన్సా
9 మే 1976

అక్కా,

నీ ఉత్తరం అందింది. మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. ఇక్కడ నా తిండి సంగతి మాత్రం అడక్కు. ఈ మోటెల్లో టిఫినుకి పెట్టిన గుడ్లు ఏ కోడి పెట్టిందో గానీ, అది కనబడితే నాలుగు మాటలు అడుగుదామని ఉంది.

బేస్‌బాల్ క్లబ్బుకి కొత్త ఆటగాళ్లని వెతికిపెట్టే ఈ స్కౌటు ఉద్యోగం ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. ఈ వారం ఆరు హైస్కూలు మ్యాచ్‌లు చూశాను. ఎక్కడికి పోయినా అదే గుంపు. పన్నెండు క్లబ్బుల నుంచి పన్నెండు మందిమి, పన్నెండు స్టాప్‌వాచీలు, పదకొండు మడత కుర్చీలు. నేను తప్ప అందరూ బ్యాటు పట్టినవాడి వెనకాలే వరసగా కూర్చుంటారు. ఒకడు కాగితం మీద ఏదో గీకితే పక్కవాడు తొంగిచూసి తనూ గీకుతాడు. వీళ్లు చాలరన్నట్టు తండ్రులొకళ్లు. "మావాడు కొట్టాడంటే బంతి పక్క జిల్లాలో పడుతుందండీ!" అంటూ మీదికొస్తారు. పడితే పోయి ఏరుకో నాయనా, నా మొహం మీద ఉల్లిపాయ కంపు వదలకు.

అందుకే నేను నా పికప్పు బండిని మైదానం అవతలి చివర, సెంటర్ ఫీల్డ్ కంచె వెనకాల ఆపుకుని అక్కణ్ణించి చూస్తాను. వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. మొన్న మంగళవారం డెల్బర్ట్ ఓక్స్ అనే పద్దెనిమిదేళ్లవాణ్ణి అలాగే చూశాను. పీచ్ పళ్ల తోటల్లో కూలి పని చేసేవాళ్ల అబ్బాయి. నా ముందే కంచెకి అవతల ఫీల్డింగు చేస్తూ, బ్యాటుకి తగిలిన చప్పుడు వినే బంతి తన తల మీదుగా పోతుందని గ్రహించాడు. వెనక్కి తిరిగి, ఒక్కసారైనా తల ఎత్తకుండా పరిగెత్తి, అది దిగే చోట ముందే నిలబడ్డాడు. చుట్టాన్ని గుమ్మంలో పలకరించినంత తేలిగ్గా పట్టుకున్నాడు. మడత కుర్చీల వాళ్లకి అది కనబడనే లేదు, వాళ్లంతా బంతి విసిరే పిచర్ చెయ్యి చూస్తున్నారు.

మా క్లబ్బుకి రాశాను, తీసుకుంటారు. పెద్ద లీగుకి చేరాలంటే ముందు చిన్న లీగుల మెట్లన్నీ ఎక్కాలి కదా, ఏడాది తిరిగేసరికి మీ ఊరి టీముకే వస్తాడు. నువ్వు ఎలాగూ మేడ మీది గదులు ఆటగాళ్లకే ఇస్తావు. ఇతన్ని ఉంచుకో. కడుపునిండా పెట్టు. ఎలా ఉన్నాడో రాస్తూ ఉండు. ఇన్నేళ్లలో నేను పంపినవాళ్లలో ఒక్కడూ పెద్ద లీగు మొహం చూడలేదు. వీడు చూస్తాడు.

నీ తమ్ముడు
హార్లన్

•

మార్లో ఫెర్రీ, అయోవా
12 జూన్ 1977

ఒరే హార్లన్,

ఆటగాళ్లకి అన్నం పెట్టడమంటే ఏమిటో నీకు తెలియదు. నువ్వు కంచె అవతల కూర్చునేవాడివి, వాసన రాదు. నా ఇంట్లో ఇప్పుడు రెండు జతల కాళ్లున్నాయి, ఆ మేజోళ్లు ఉడకబెట్టినా కంపు పోదు. నిన్న, పోయిన మా ఆయన మా పెళ్లికి కొన్న గాజు గ్లాసు తీసి చూస్తే, అడుగున గోధుమరంగు నీళ్లు. టీ అనుకున్నాను. పుగాకు నమిలి ఉమ్మిన ఉమ్మి! ఆ గ్లాసుని పెరట్లో పాతిపెట్టాను. కడిగి మళ్లీ వాడేంత దిట్టమైన మనసు నాకు లేదు.

ఉమ్మింది మీ డెల్బర్ట్ కాదులే. రెండోవాడు, గ్రేడీ అని, పిచర్ విసిరిన బంతిని వెనకాల కూర్చుని పట్టే క్యాచర్. ఎలుగుబంటి లాంటివాడు, పొద్దున పది కొట్టేదాకా లేవడు. డెల్బర్ట్ ఆరింటికే లేచి వంటింట్లోకి వస్తాడు. నాకు పెన్నం అందిస్తాడు, చెత్తబుట్ట బయట పెడతాడు. గుడ్డు మీద టమాటా సాసు వేసుకుని తింటాడు, అదొక్కటే చూడలేను. నన్ను పిన్నిగారూ అంటాడు.

మే నెలలో అతనికి తలకి బంతి తగిలింది. ఆ సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆస్పత్రిలో రెండు రోజులుంచి పంపేశారు. నాలుగో రోజున మళ్లీ ఆటలో దింపారు. గాడిదకి కాలు బెణికినా ఇంతకంటే ఎక్కువ రోజులు కట్టేసి ఉంచుతారు. అప్పట్నుంచీ మనిషి కొంచెం తేడాగా ఉన్నాడు. అడిగితే "బానే ఉందండీ పిన్నిగారూ" అంటాడు.

నువ్వు సరిగ్గా తింటున్నావా? చొక్కాలు ఉతికించుకుంటున్నావా?

నీ అక్క
వెర్నా

•

మెకాలెస్టర్, ఓక్లహోమా
3 జూలై 1977

అక్కా,

ఇక్కడ ఎండకి బుర్ర ఉడికిపోతోంది. ఈ వారం ఎంపిక శిబిరం పెట్టారు. రెండొందల మంది కుర్రాళ్లని వరసలో నిలబెట్టి, పరిగెత్తించి, పళ్లు చూసి గుర్రాల్ని కొన్నట్టు కొంటున్నారు. ఆ పళ్లు చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి, కాబట్టి ఎక్కువ మాట్లాడను.

డెల్బర్ట్ గురించి రాశావు, మంచి పని చేశావు. ఇంకా వివరంగా రాయి. తేడాగా అంటే ఎలా? నిద్ర పడుతోందా? తల తడుముకుంటున్నాడా? ఎప్పుడు ఎక్కువ, ఆట ముందా, తరవాతా? నువ్వు చూసినంత దగ్గరగా ఇంకెవరూ చూడలేరు. ఏదీ వదలకు.

చొక్కాలు ఉతికించుకుంటూనే ఉన్నాను. రెండు ఉన్నాయి.

హార్లన్

•

మార్లో ఫెర్రీ
30 జూలై 1977

హార్లన్,

నీ ఉత్తరం చదివి నాకు కళ్లు చెమర్చాయంటే నమ్ముతావా? అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు ఆమె ఎలా పోయిందని అడగలేదు, ఆ రోజు మ్యాచ్ ఎవరు గెలిచారని అడిగావు. ఇన్నాళ్లకి ఒక మనిషి గురించి నిద్ర పడుతోందా అని అడిగావు. పోనీలే, ముసలితనంలోనైనా మనసొచ్చింది అనుకున్నాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. పిల్లాడు భయపడుతున్నాడురా. బంతి అంటే భయం. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని కాల్చిన రొట్టెకి వెన్న రాసుకోబోతే చేతులు వణికి రొట్టె చిరిగిపోతుంది. నేను చూడనట్టే పొయ్యి వైపు తిరిగి నిలబడతాను. నిన్న నేనే వెన్న రాసి ముందు పెట్టాను. "థాంక్సండీ" అని తల దించుకున్నాడు. అయినా సంచి భుజాన వేసుకుని మైదానానికి పోతాడు. ఒక్క రోజు మానలేదు. గుమ్మం దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చుకుని, అప్పుడు దిగుతాడు మెట్లు.

ఎవరైనా పెద్దవాళ్లు అతనితో నాలుగు మంచి మాటలు మాట్లాడితే బాగుంటుంది. నువ్వొకసారి రారాదూ?

నీ అక్క
వెర్నా

•

మార్లో ఫెర్రీ
28 ఆగస్టు 1977

హార్లన్,

గ్రేడీని ఇంట్లోంచి గెంటేశాను. వాడి పెట్టె, వాడి మేజోళ్లు, వాడి పుగాకు డబ్బా అన్నీ వరండాలో పడేసి తలుపేసుకున్నాను.

ఎందుకో విను. గురువారం టీము మేనేజరు బట్టలు మార్చుకునే గదిలో ఇరవై ఐదు మందినీ కూర్చోబెట్టి, పై ఆఫీసు నుంచి వచ్చిన కాగితం ఒకటి తీసి గట్టిగా చదివాడట. "డెల్బర్ట్ ఓక్స్. బంతంటే భయం. పొద్దున చేతులు వణుకుతాయి, రొట్టెకి వెన్న కూడా రాసుకోలేడు." చదివి, "ముల్లుని ముల్లుతోనే తియ్యాలి" అని, తన పిచర్ల చేతనే ప్రాక్టీసులో అతని తలకేసి బంతులు విసిరించాడట. రెండు రోజుల్లో అవతలి టీములకీ పాకింది. ఎద్దు పుండు కాకికి ముద్దా? శనివారం ఒక్క ఆటలో మూడుసార్లు వీపు మీద కొట్టారు. చొక్కా విప్పితే చూడలేకపోయాను. బంతి మీద కుట్లు ఎక్కడున్నాయో వీపు మీద లెక్కపెట్టొచ్చు.

ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను చెప్పలేదు, డెల్బర్ట్ చెప్పుకోడు. మిగిలింది ఎవరు? "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవా!" అన్నాను. వాడు "నేనేం చేశానండీ? నాకేం తెలీదండీ" అని గుడ్లు తేలేశాడు. నటన కూడా వచ్చు. ఛీ.

నీకు ఆఫీసులో తెలిసినవాళ్లున్నారుగా. ఆ కాగితం ఎవడు రాశాడో కనుక్కో. పేరు చెప్పు చాలు.

వెర్నా

•

ఫోర్ట్ స్మిత్
1 సెప్టెంబరు 1977

అక్కా,

చదివాను. ఆ మేనేజరు పశువు. నేను పదేళ్ల కిందటే చెప్పాను, విన్నవాడు లేడు.

గ్రేడీ సంగతి ఎక్కువ మనసులో పెట్టుకోకు. క్యాచర్లు గోడకి ఆనుకుని కూడా నిద్రపోతారు, వాడికి ఎక్కడో ఓ చోటు దొరుకుతుంది. గ్లాసులో ఉమ్మినవాణ్ణి పంపించేశావు, పీడా విరగడైంది అనుకో. కాగితం ఎవరు రాశారన్నది ఇప్పుడు తవ్వి లాభం లేదు. ఆఫీసులో పది చేతులు మారతాయి. సీజను ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుంది, అంతా సద్దుకుంటుంది.

వానలు పట్టుకున్నాయి. బండి కారుతోంది.

హార్లన్

•

మార్లో ఫెర్రీ
6 సెప్టెంబరు 1977

హార్లన్,

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. వచ్చేసరికే నాకు అంతా తెలుసు. తెలిసి కూడా, వీడు ఈ ఒక్కసారైనా నిజం ఒప్పుకుంటాడేమోనని చింపి చూశాను. "పది చేతులు మారతాయి" అట. మొదటి చెయ్యి ఎవరిదిరా?

నిన్న పొద్దున డెల్బర్ట్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "పిన్నిగారూ, గ్రేడీ కాదండీ" అన్నాడు. "వాడు పది దాకా లేవడు. రొట్టె సంగతి వాడికెట్లా తెలుస్తుందండీ? ఆ బల్ల దగ్గర మనిద్దరమే కదా ఉండేది."

అంతే. ఎందుకు చేశారని కూడా అడగలేదు. నా గుండె అక్కడే ఆగిపోతే బాగుండేది. అంటే ఆ కాగితం చదివిన రోజు నుంచీ అది నా వంటింట్లోంచే పోయిందని అతనికి తెలుసు. తెలిసీ పది రోజులు నా చేతి తిండి తిన్నాడు. నేను కుర్చీలో కూలబడి, "మా తమ్ముడికి రాశాను బాబూ, మనవాడే కదా అని రాశాను" అన్నాను. అతను "హార్లన్ గారా? నన్ను వెతికి పట్టుకుంది ఆయనే కదండీ" అన్నాడు. నిన్ను ఒక్క మాట తిట్టలేదు. అతను తిట్టి ఉంటే నాకు ఇంత అసహ్యం వేసేది కాదేమో.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ గొర్రెని నేనే. నిద్ర పడుతోందా అని అడిగితే మనసొచ్చిందని ఏడ్చాను. నువ్వు అడిగింది నీ కాగితంలో గడులు నింపుకోవడానికి. సరే, నింపావు. నేను రాసిన మాటని సగానికి ఎందుకు నరికావు? "అయినా పోతాడు, ఒక్క రోజు మానలేదు" అని రాశాను కదా. అదేమైంది? ఆ సగం ఎక్కడ పారేశావు?

గ్రేడీని వెతుక్కుంటూ బస్టాండు దాకా కుంటుకుంటూ పోయాను. వాడు అప్పటికే ఇంటికి బస్సెక్కేశాడు. వాడి ఊరి పేరు కూడా నేను ఎప్పుడూ అడగలేదు.

నాకు ఉత్తరాలు రాయకు.

వెర్నా

•

ఫోర్ట్ స్మిత్
20 సెప్టెంబరు 1977

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదువు.

నా ఉద్యోగమే అది. ఉన్నది ఉన్నట్టు రాయడం. మిగతా పదకొండు మంది తమ కుర్రాళ్ల మీద అబద్ధాలు రాస్తారు. కాలు విరిగినవాణ్ణి జింక అంటారు, తాగుబోతుని హుషారైనవాడంటారు. నేను ఒక్క లోపమూ దాచలేదు, సొంతవాడైనా సరే. నా మాటకి ఆఫీసులో విలువంటూ ఉంటే అది అందుకే. అయినా పోతాడు అన్నావు. అందరూ పోతారు. పోకపోతే ఇంటికి పంపించేస్తారు. దానికి రిపోర్టులో గడి లేదు.

ఇంకొక మాట. నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు, నేను రాసేవాణ్ణీ కాదు. తప్పంతా నా నెత్తిన రుద్దకు.

హార్లన్

•

విచిటా, కాన్సస్
18 మే 1980

అక్కా,

ఈ రెండున్నరేళ్లలో నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ విప్పకుండానే వెనక్కి వచ్చాయి. ఇది కూడా వస్తుందేమో. కవరు మీద అడ్రసు వేరేవాళ్ల చేత రాయించాను, మోటెల్ గుమస్తా పిల్ల రాసింది. ఆ అక్షరాలు చూసి విప్పి ఉంటావు. చీప్ ఉపాయమే, కానీ నాకు మిగిలింది ఇదొక్కటే.

డెల్బర్ట్ ఇప్పుడు పెద్ద లీగుకి ఒక్క మెట్టు కింద ఆడుతున్నాడు. నీకు తెలుసనుకో. నిన్న ఇక్కడ చూశాను. ఎప్పట్లాగే కంచె వెనకాల బండి ఆపుకుని దుర్భిణీ తీశాను. రెండో ఇన్నింగ్స్‌లో పిచర్ మొదటి బంతే గడ్డానికి విసిరాడు. డెల్బర్ట్ మట్టిలో బోర్లా పడ్డాడు, బ్యాటు ఒకవైపు, టోపీ ఒకవైపు. లేచాడు. రెండో బంతికి మోకాళ్లు ముందే వెనక్కి లాగేశాయి, బంతికి గజం దూరంలో బ్యాటు ఊపాడు. జనం నవ్వారు. పక్కనున్నవాడు "పిరికోడు రా!" అని అరిచాడు. వాడి గొంతు పిసకాలనిపించింది, తరవాత ఆ మాట వాడికి నేర్పింది నేనే కదా అనిపించింది. మూడో బంతికి కూడా మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. అయినా బంతి వచ్చే వైపున్న గీతకి ఇంకో అంగుళం దగ్గరగా జరిగి నిలబడ్డాడు. కొట్టాడు. బంతి ఎడమవైపు గడ్డిలో పడింది.

భయం పోలేదు అక్కా. మూడేళ్లుగా రోజూ అదే భయంతో అక్కడికి వెళ్తున్నాడు. నువ్వు రాసిన రెండో సగం అదే. నేను దాన్ని చదివాను, చదివి ఇది పనికిరాదు అనుకున్నాను. ఇరవై ఆరేళ్లు మనుషుల్ని చూసి బతికినవాణ్ణి, నీ వంటింట్లోంచి నీకు కనబడింది నాకు కనబడలేదు. నా మీద నాకే ఉమ్మేయాలని ఉంది.

ఆట అయ్యాక అతనే కంచె దగ్గరికి వచ్చాడు. "బాగున్నారా హార్లన్ గారూ? ఇంకా ఇదే బండా? దీనికి పెన్షన్ ఇచ్చెయ్యండి" అన్నాడు. నేను బండి రేకు మీది తుప్పు గోటితో గీకుతూ నిలబడ్డాను. నా అవస్థ చూసి తనే మాట మార్చాడు. "పిన్నిగారు కర్ర పట్టుకుని నడుస్తున్నారటగా, మీకు రాయలేదా?" నా అక్క మోకాలి సంగతి నేను అతని నోట విన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సెప్టెంబరులో డెల్బర్ట్, ఇంకో కుర్రాడు, ఈ ఇద్దరిలో ఒకణ్ణి పెద్ద లీగుకి పిలుస్తారు. మా క్లబ్బు డైరెక్టరు ప్రూయిట్ ఫోను చేసి "ఇంకా భయపడుతున్నాడా? మీ అక్కని అడుగు, ఆవిడ బాగా రాస్తుంది" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఈసారి నేనే చూసి రాశాను. రిపోర్టు ఆఫీసుకి తప్ప ఎవరికీ చూపించం, పెళ్లానికి కూడా చూపించం, అది మా వృత్తిలో కట్టుబాటు. దాన్ని వేరే కవరులో అతికించి ఇందులో పెడుతున్నాను. చదువు. నువ్వు వద్దన్న ముక్క తీసేస్తాను. పంపొద్దంటే పంపను.

హార్లన్

•

మార్లో ఫెర్రీ
2 జూన్ 1980

హార్లన్,

మోటెల్ పిల్ల అక్షరాలు బాగున్నాయి. నీకంటే నయం.

నీ రిపోర్టు నేను విప్పలేదు. నాకెందుకు? అందులో ఉన్నది నా సంగతా? మూడేళ్ల కిందట ఒక మనిషి గురించి మనిద్దరం అతని వెనకాల రాసుకున్నాం, దాని ఫలితం అతని వీపు మీద చూశాను. మళ్లీ అదే పని, ఈసారి మర్యాదగా చేద్దామంటావా? అతికించిన కవరు అతికించినట్టే డెల్బర్ట్‌కి పంపాను. పంపాలో, చింపాలో, పొయ్యిలో పెట్టాలో అతని ఇష్టం.

గ్రేడీ దొరికాడు. నెబ్రాస్కాలో ట్రాక్టరు టైర్లు అమ్ముతున్నాడు. ఫోను చేసి క్షమించమన్నాను. ఆ రోజు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా గెంటానని ఒప్పుకున్నాను. చివరికి "గ్లాసులో ఉమ్మింది మాత్రం నేనేనండీ" అన్నాడు.

నిన్ను క్షమించానని అనుకోకు. కర్ర ఉన్నమాట నిజం.

వెర్నా

•

ఫోర్ట్ స్మిత్
29 ఆగస్టు 1980

అక్కా,

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. కంగారుపడకు, నేను పడటం లేదు.

నువ్వు పంపిన కవరు డెల్బర్ట్ విప్పి చదివాడు. చదివి, అడుగున తన చేత్తో రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, తనే డైరెక్టరుకి పోస్టు చేశాడు. "ఇందులో రాసింది నిజమే, భయం ఉంది. ఆట ఏడింటికైతే నేను ఆరింటికి అక్కడుంటాను." అంతే రాశాడు. ప్రూయిట్ నాకు ఫోను చేసి అరిచిన అరుపులకి రిసీవరు దూరంగా పెట్టుకున్నాను. "ఆటగాడే తన రిపోర్టు మీద సంతకం పెట్టి పంపడమేంటయ్యా! రేపు ఆవు వచ్చి కసాయి కొట్టు లెక్క రాస్తానంటుంది!" అన్నాడు. కట్టుబాటు తప్పినందుకు నాకు సెలవిచ్చాడు. ఆ పోలిక మాత్రం తను ఏమంటున్నాడో తెలియకుండానే సరిగ్గా వాడాడు.

డెల్బర్ట్‌ని పక్కన పెట్టేశారు. ఆ రెండోవాణ్ణే పిలిచారు. పిలిచిన మర్నాడు వాడు స్నానాల గదిలో సబ్బు ముక్క మీద కాలేసి జారి, చీలమండ విరగ్గొట్టుకున్నాడు. గతిలేక డెల్బర్ట్‌కి కబురు పెట్టారు. చూశావా? అతని ధైర్యం చూసి కాదు, నా రిపోర్టు చూసి కాదు. ఇరవై ఆరేళ్ల నా రాతకోతలు చెయ్యలేని పని ఒక సబ్బు ముక్క చేసింది. ఈ ఆట మీద, దాన్ని నడిపేవాళ్ల మీద నాకున్న అసహ్యం ఇప్పుడు పూర్తయింది, ఇంక పెరగడానికి చోటు లేదు.

వచ్చే శుక్రవారం అతని మొదటి ఆట. బస్సులో పోతాను. స్కౌట్ల కార్డు లాగేసుకున్నారు కాబట్టి అందరిలాగే టిక్కెట్టు కొన్నాను.

నీ తమ్ముడు
హార్లన్

•

మార్లో ఫెర్రీ
6 సెప్టెంబరు 1980

ఒరే హార్లన్,

ఉద్యోగం పోతే పోయింది. శీతాకాలం ఇక్కడికి వచ్చెయ్యి. మేడ మీది గది ఖాళీగా ఉంది. బండి మాత్రం వీధి చివర ఆపాలి, ఇరుగుపొరుగు చూస్తే పరువు పోతుంది.

నిన్న రేడియో పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి వాళ్లు కూడా వచ్చారు. "డెల్బర్ట్ ఓక్స్, ఆర్కన్సా కుర్రాడు, పెద్ద లీగులో మొదటిసారి" అనగానే అందరం చప్పట్లు కొట్టాం. మొదటి బంతే తలకేసి విసిరారు! ఆ మాట అతనికంటే ముందే అక్కడికి చేరిందన్నమాట, థూ. "ఓక్స్ కిందపడ్డాడు" అన్నాడు రేడియోవాడు. అన్నవాడు అనకుండా ఊరుకున్నా బాగుండేది, సరిగ్గా అప్పుడే స్టేషను గరగరలాడి, పావుగంట పాటు ఎవరో పాస్టరు ప్రసంగం వినబడింది. రేడియోని కర్రతో కొట్టాను. మళ్లీ ఆట వచ్చేసరికి ఇన్నింగ్స్ మారిపోయింది.

నువ్వు అక్కడున్నావు. ఎలా లేచాడు? వెంటనే లేచాడా? చేతులెలా ఉన్నాయి? మొహం ఎలా ఉంది? గీత దగ్గర నిలబడ్డాడా, వెనక్కి జరిగాడా? నాకు నిద్ర పట్టలేదు. ఒక్కటి కూడా వదలకుండా రాయి. వెంటనే రాయి.

నీ అక్క
వెర్నా

•

ఫోర్ట్ స్మిత్
11 సెప్టెంబరు 1980

అక్కా,

మూడుసార్లు బ్యాటు పట్టాడు. ఒక హిట్. ఒకసారి క్యాచ్ ఇచ్చాడు, ఒకసారి మూడు బంతులూ తప్పాడు. సెంటర్ ఫీల్డ్‌లో తన వైపు వచ్చినవన్నీ పట్టాడు. టీము ఓడిపోయింది. నేను కొనుక్కున్న హాట్‌డాగ్ లోపల పచ్చిగా ఉంది, పారేశాను. ఇదంతా పేపర్లో ఉంటుంది, హాట్‌డాగ్ తప్ప.

నువ్వు అడిగినవి కూడా చూశాను. ఎప్పుడూ కూర్చునే చోటు కాదు, ఈసారి బ్యాటు పట్టినవాడికి దగ్గరగానే దొరికింది సీటు. లేచినప్పటి మొహం, చేతులు, కాళ్లు అన్నీ కనిపించాయి.

రాయను. నీకు కూడా రాయను.

సోమవారం వాళ్లకి ఆట లేదు. అతను దిగిన హోటలు ఫోను నంబరు ఈ కాగితం వెనక ఉంది. అతన్నే అడుగు. చెబితే చెబుతాడు, లేకపోతే లేదు.

నీ తమ్ముడు
హార్లన్